బరంపురంలో ఇల్లు అమ్మాలంటే: ఖాళీ చేసి చూపించాలా, సామానుతోనా?

ముందు, ఖాళీ ఇంట్లో అద్దె ఫర్నిచర్ వేసి చూపించే సంగతి తేల్చేద్దాం. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ లాంటి ఊళ్లకి భువనేశ్వర్ నుంచి సోఫాలు తెప్పిస్తే రానూపోనూ లారీ కిరాయే తడిసిమోపెడవుతుంది. పోనీ టెంట్ హౌస్ కుర్చీలు వేద్దామంటే ఇల్లు పెళ్లివారి విడిదిలా తయారవుతుంది. వద్దు.

మిగిలినవి రెండు. ఇల్లు ఖాళీ చేస్తే నేల, మూలలు పూర్తిగా కనపడతాయి, వాస్తు చూసేవాళ్లకి కొలతలు సులువు. కానీ మంచమో బల్లో లేని గది చిన్నదిగా అనిపిస్తుంది. బీరువా వెనకాల గోడ రంగు తేడా, మేకుల గుంతలు, దేవుడి గూటి మీద దీపం మసి అన్నీ బయటపడతాయి. తాళం వేసిన ఇంటికి ఇంకో జబ్బు: బాత్రూం జాలీ కింద ట్రాప్‌లో (కంపుని అడ్డుకునేలా నీళ్లు నిలిచే వంపులో) నీళ్లు ఎండిపోయి డ్రైనేజీ కంపు పైకొస్తుంది. చూపించే ముందురోజు ప్రతి జాలీలో అర బకెట్ నీళ్లు పోసి, కిటికీలు తెరిచిపెట్టాలి. కరెంటు కనెక్షన్ మాత్రం తీయించకండి.

కాపురం ఉంటూ చూపిస్తే ఇంటికి కళ ఉంటుంది, కంపు ఉండదు. చిక్కల్లా సామానుతోనే. పాత వీధుల్లో ఇళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటాయి, ఇరుపక్కలా గోడలు కలిసే ఉంటాయి. నడిమి గదికి కిటికీ ఉండదు. అక్కడే ట్రంకు పెట్టెలు, పరుపుల దొంతర పెడితే పగలే చీకటి.

మా లెక్కలో సగం ఖాళీయే మేలు. వీధి గదిలో నాలుగు కుర్చీలు, పడక గదిలో ఒక మంచం, వంటింటి గట్టు మీద పొయ్యి ఒక్కటే. ఈశాన్యం మూల ఖాళీగా వదలండి. తెలుగు క్యాలెండరు, ఒడియా పంజి (పంచాంగం) రెండూ గోడ దిగాలి. నడిమి గదిలో 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు పెట్టండి. ఒకే గదిలో తెలుపు, పసుపు దీపాలు కలపొద్దు. తులసికోట జోలికి పోకండి, కొనేది ఒడియావాళ్లయినా తెలుగువాళ్లయినా దాన్ని చూస్తారు. సున్నం వేస్తే చాలు.

ఏ పద్ధతైనా డబ్బు పెట్టాల్సింది చెమ్మ మీద. బీరువా అడ్డుపెట్టి దాచితే, కొనేవాళ్లు తెచ్చుకున్న మేస్త్రీ మొదట జరిపేది దాన్నే. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకి నాలుగు పక్కలా టేపు వేసి రెండు రోజులుంచండి. లోపలి వైపు తడి పడితే నీరు గోడలోంచి వస్తోంది, పైవైపు పడితే అది గాలి తేమ. గోడలోంచైతే ముందు డాబా పిట్టగోడ పగుళ్లో, పైపు కారడమో చూసి ఆపాలి. గోడ మీద తెల్లగా పూతెక్కిన ఉప్పుని నీళ్లతో కడగొద్దు, కరిగి మళ్లీ గోడలోకే దిగుతుంది. పొడి బ్రష్‌తో దులపాలి. వదులైన ప్లాస్టరింగ్ చెక్కేసి, కొత్తది వేసి అది ఆరాక పుట్టీ, ప్రైమర్, ఆపైన రెండుసార్లు లేత రంగు ఎమల్షన్. 10×12 అడుగుల గది గోడలకి ఎమల్షన్ సుమారు 4 లీటర్లు పడుతుంది. తడి మీదే వేస్తే కొద్ది వారాల్లో రంగు పొక్కుతుంది.

గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి కిటికీ గ్రిల్స్ తుప్పు పడతాయి. ఎమెరీ కాగితంతో రుద్ది, రెడాక్సైడ్ ప్రైమర్ ఒక కోటు వేసి, ఆ తర్వాతే ఎనామిల్. ఇదంతా అయ్యాక వారం ఆగి కొనేవాళ్లని పిలవండి. పచ్చి రంగు వాసన తగిలితే వాళ్లకి మొదట వచ్చేది చెమ్మ అనుమానమే.