కుట్టు లోపల దాచిన గుడ్డ: ఖరీదైన ఉన్ని సూటు, కొన్నేళ్ల వాడకం తర్వాత

ధర మాత్రం చెప్పను. అమ్మకే చెప్పలేదు. "ఎంతైందిరా?" అని అడిగితే "ఆఫర్లో వచ్చిందిలే అమ్మా" అన్నాను. ఆఫరూ లేదు, పాడూ లేదు.

మెత్తదనం, ఫిట్టింగ్, భుజాల దగ్గర ఎలా కూర్చుంటుంది లాంటి విషయాల మీద సమీక్షలు బోలెడున్నాయి, వాటి జోలికి పోను. కోటు ఛాతీ దగ్గర జిగురుతో అంటించారా, గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్ పెట్టి దారంతో కుట్టారా అన్నది కొనేముందు అందరూ అడిగేదే. ఇది కుట్టిందే, జిగురు ఊడితే గుడ్డ మీద లేచే బుడగలు ఇప్పటికీ ఎక్కడా లేవు. నేను చెప్పాలనుకున్నది వేరే సంగతి. ఈ సూటు కుట్లలో, లోపలి వైపు, బయటికి కనబడకుండా వదిలిన అదనపు గుడ్డ గురించి.

మా ఇంట్లో బట్టలు ఎప్పుడూ వచ్చే ఏడాది కొలతకే కొనేవాళ్లు. "పెరిగే పిల్లాడు కదా" అని భుజాలు జారే చొక్కా, కింద రెండు మడతలు వేసి కుట్టిన ప్యాంటు. పొడుగైన కొద్దీ ఒక్కో మడతా విప్పేవాళ్లు. విప్పిన చోట పాత మడత గీత తెల్లగా మిగిలిపోయేది, ఎంత ఇస్త్రీ చేసినా పోయేది కాదు. పైగా అదంతా అన్నయ్య వేసుకుని వదిలేశాకే నా దాకా వచ్చేది. అలా పెరిగినవాడికి ఖరీదైన బట్ట కొంటే మొదట వచ్చేది ఆనందం కాదు, టెన్షన్. బిల్లు జేబులో పెట్టుకుని, ఎవరికి సంజాయిషీ చెప్పాలో తెలియకపోయినా, సంజాయిషీ సిద్ధం చేసుకుంటూ ఇంటికొస్తాం.

అందరూ చెప్పుకునే సంజాయిషీ ఒకటుంది: ధరను ఎన్నిసార్లు వేసుకుంటామో దానితో భాగిస్తే ఒక్కోసారికి పడేది చాలా తక్కువ అని. లెక్క బాగానే ఉంటుంది. కాకపోతే భాగించే అంకె కొన్నరోజున మన ఆశ మాత్రమే. ఒళ్లు పెరిగితే, ఉద్యోగం మారితే, ఫ్యాషన్ పోతే ఆ అంకె అక్కడే ఆగిపోతుంది. నా విషయంలోనూ దాదాపు ఆగిపోయింది.

కూర్చుని చేసే ఉద్యోగం, నడుము చుట్టూ పేరుకున్న ఏళ్లు. ఊపిరి బిగబట్టినా ప్యాంటు హుక్కు పడని రోజు వచ్చింది. ఇక ఎవరికైనా ఇచ్చేద్దామని, వాళ్లకు సరిపోయేలా చిన్నది చేయడం కుదురుతుందా అని అడగడానికి టైలర్ దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దాయన. ప్యాంటును తిరగేసి, వెనక కుట్టు మీద బొటనవేలితో పైనుంచి కిందికి ఓసారి రాశాడు.

"దీన్ని ఎవరికో ఇవ్వడమేంటి సార్? మీకే పెద్దది చేస్తా. చూడండి ఎంత గుడ్డ వదిలాడో."

చూపిస్తే తప్ప నా కంటికి ఆనలేదు. వెనక మధ్య కుట్టుకు రెండు వైపులా, నడుము దగ్గర వేలి వెడల్పుకు మించి గుడ్డ ఉంది, కిందికి వెళ్లేకొద్దీ సన్నబడుతూ. నడుము పట్టీ కూడా ఒకే ముక్క కాదు, కుడి ఎడమ వేరువేరుగా కత్తిరించి, వెనక అదే కుట్టులో కలిపారు. అంటే పట్టీని ఊడదీయకుండానే ఆ ఒక్క కుట్టు విప్పి వదులు చేయొచ్చు. ఆయన తన దగ్గరున్న ఇంకో ప్యాంటు తెచ్చి పక్కన పెట్టాడు. చవకది, రెడీమేడ్. దానికి పట్టీ చుట్టూ ఒకటే ముక్క, కుట్టును ఆనుకునే గుడ్డ కోసేసి, అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కొట్టేశారు. విప్పితే పట్టుకోవడానికి గుడ్డే లేదు. తప్పు పట్టడానికి లేదు, వందల ప్యాంట్లు ఒకేసారి కోసేచోట ప్రతి కుట్టులో అంగుళం వదిలితే ఎన్ని మీటర్లు పోతాయో చూసుకుంటారు కదా.

మా అమ్మ మడతలకూ దీనికీ తేడా ఏమీ లేదనిపించింది అప్పుడు. ఆవిడ వేయించిన మడత బయటికి కనబడేది, నాకు సిగ్గుగా ఉండేది. ఇది లోపలుంది కాబట్టి దర్జా. చిన్నప్పుడు ఏ జాగ్రత్త నుంచి తప్పించుకోవాలనుకున్నానో దాన్నే ఇంత డబ్బు పోసి కొనుక్కున్నానన్నమాట. కొన్నందుకు మనసు కుదుటపడింది మాత్రం ఆ రోజే.

అలాగని అంతా బాగుందని కాదు. వదులు చేసిన చోట సన్నని పట్టీలా గుడ్డ కొంచెం ముదురు రంగులో ఉంటుంది, ఎండా డ్రై క్లీనింగూ ఇన్నాళ్లూ అక్కడిదాకా పోలేదు మరి. పాత సూది రంధ్రాలు ఆవిరి పట్టి బ్రష్ చేస్తే చాలావరకు పూడాయి, రంగు తేడా పోలేదు. కోటు వేసుకున్నంతసేపూ ఎవరికీ తెలియదు. కోటు తీస్తే వెనక నడిచేవాళ్లకు తెలుస్తుంది.

కోటు చేతుల దగ్గర కథ తిరగబడింది. మణికట్టు దగ్గర గుండీలు నిజంగా తెరుచుకుంటాయి, కాజాలు కోసి కుట్టారు. అమ్మేటప్పుడు దాన్నే గొప్పగా చూపిస్తారు. చేతులు కాస్త పొడుగు చేయమంటే టైలర్ తల అడ్డంగా ఊపాడు. లోపల గుడ్డ ఉన్నా, కోసిన కాజాలను కిందికి జరపలేం.

అసలు దెబ్బ తొడల దగ్గర. గుడ్డ మీద రాసుండే సూపర్ నంబరు మన్నిక చెప్పేది కాదు, ఉన్ని పోగు ఎంత సన్ననిదో చెప్పేది. సూపర్ 100 అంటే పోగు సగటు మందం 18.75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటకూడదు. సూపర్ 150 అంటే 16.25. నాది ఆ రెండోది. పట్టులా జారుతుంది, నిజమే. కానీ నడిచేటప్పుడు తొడలు రాసుకునే చోట పలచబడి, వెలుతురుకు పట్టుకుంటే అవతలి వేళ్లు కనబడే స్థితికి వచ్చింది. కోటు మాత్రం కొత్తదానిలాగే ఉంది. ప్యాంటు అడుగు మడత లోపలి గుడ్డలోంచి పోగులు లాగి అదే టైలర్ రఫ్ఫు చేశాడు. అక్కడా ఆదుకున్నది లోపలి గుడ్డే. ఇంకెన్నాళ్లు ఆగుతుందో ఆయనా మాటివ్వలేదు.

కొనమని చెప్తానా? నాకు ఆఫీసులో వేసుకునే అవసరం ఉంది, అప్పు చేసి కొనలేదు, నడిచి వెళ్లేంత దూరంలో కుట్టు తెలిసిన మనిషి ఉన్నాడు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా నా మాట పట్టించుకోకండి, ముఖ్యంగా మూడోది. విప్పి కుట్టే చెయ్యి దొరక్కపోతే లోపల ఎంత గుడ్డ ఉన్నా అది మోత బరువే. ఏడాదికోసారి వేసుకునేవాళ్లకు జిగురు కోటు చాలు. కొనేవాళ్లు మాత్రం అద్దం ముందు నిలబడక ముందే ప్యాంటు తిరగేసి వెనక కుట్టు చూడండి, అమ్మేవాళ్లు వింతగా చూసినా సరే. అదే గుడ్డలో రెండో ప్యాంటు ఇస్తామంటే తీసుకోండి, కోటు కంటే ముందు పోయేది ప్యాంటే. నేనైతే కోటు మళ్లీ ఇలాంటిదే కొంటానేమో. ప్యాంటుకు ఈసారి ఇంకాస్త లావు పోగు ఉన్ని చూస్తున్నాను, చిన్న నంబరుది.