పోడు కొలతకు గార్మిన్ ఈట్రెక్స్ 10: పల్లిసభ (ఊరి గ్రామసభ) చేతిలో ఉండాల్సిన యంత్రం

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ కొండల్లో అటవీ హక్కుల దరఖాస్తుకు పటం గీయాలంటే ఈ చేతి జీపీఎస్ మంచి పనిముట్టు. రెండు పెన్సిల్ సెల్లతో 20 గంటలకు పైగా నడుస్తుంది, వానకు తడిసినా పాడవదు. కరెంటు లేని ఊళ్లో సాయంత్రానికి ఫోను చచ్చిపోయినా ఇది ఇంకా బతికే ఉంటుంది. తెర నలుపు తెలుపు, చిన్నది. ఎండలో మాత్రం ఫోను కంటే బాగా కనిపిస్తుంది.

కొన్న రోజే ఒక సెట్టింగు మార్చాలి. డబ్బాలోంచి తీసినప్పుడు ఇది స్థానాన్ని డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తుంది: 18°30.000'. దాన్ని ఫారంలో 18.30 అని రాసేస్తారు. అసలు విలువ 18.50. ఆ తేడాతో పోడు 22 కిలోమీటర్లు దక్షిణానికి జారిపోతుంది. రాష్ట్ర సరిహద్దులోని కొటియా ఊళ్ల వైపు అయితే చేను ఏకంగా ఆంధ్రలోకి వెళ్లిపోతుంది. ఆ ఊళ్ల మీద ఒడిశా, ఆంధ్రల తగువు 1968 నుంచే సుప్రీంకోర్టుకు ఎక్కింది, అక్కడ ఇలాంటి పొరపాటు ఎంత చేటో చెప్పక్కర్లేదు. సెట్టింగ్స్‌లో పొజిషన్ ఫార్మాట్‌ని దశాంశ డిగ్రీలకు మార్చి, ఊరి అటవీ హక్కుల కమిటీ వాళ్లందరికీ చూపించండి.

కొలత ఎలాగంటే, ముందు ఆకాశం బాగా కనిపించే చోట పది నిమిషాలు ఉంచాలి. ప్రతి మూలలో రెండు నిమిషాలు నిలబడి పాయింటు పెట్టాలి, వీలైతే మూడుసార్లు తీసి సగటు కట్టాలి. బయలు నేలలో తప్పు 3 నుంచి 5 మీటర్లు ఉంటుంది. గుగ్గిలం చెట్ల కింద, లోయ అంచున 10 మీటర్లు దాటొచ్చు. పోడు పట్టీలు సన్నగా ఉంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు: 20 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవున్న చేనులో వెడల్పు 5 మీటర్లు తగ్గితే 12 సెంట్లు పోయినట్టే. అలాంటి చోట వెడల్పును టేపుతో కూడా కొలిచి రాసుకోవాలి.

వాలు గురించి ముందే చెప్పాలి, లేకపోతే ఊళ్లో అనుమానాలు వస్తాయి. యంత్రం కొండను పైనుంచి చూసినట్టు లెక్కేస్తుంది. 30 డిగ్రీల వాలు మీద తాడుతో ఎకరం వచ్చిన చేను ఇందులో 87 సెంట్లే చూపిస్తుంది. ఇది మోసం కాదు, పటాలన్నీ గీసేది ఆ లెక్కతోనే.

ఈ యంత్రం అసలు ఉపయోగం మరోచోట ఉంది. ఉపగ్రహ చిత్రంలో పచ్చగా కనిపిస్తోంది, అక్కడ సాగు లేదు అంటూ దరఖాస్తు తిప్పి పంపడం తరచూ జరిగేదే. బీడు పెట్టిన పోడు చిగురిస్తే పచ్చగానే ఉంటుంది. చేలో వదిలిన ఇప్ప, మామిడి, జీలుగు పైనుంచి అడవిలాగే కనిపిస్తాయి. నిబంధనల ప్రకారం ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యానికి తోడు మాత్రమే, వాటి స్థానంలో నిలవదు. అందుకే హద్దులతో ఆగకుండా రాళ్లకుప్పలు, గట్లు, ఊట బావి, శ్మశానం, దేవత చోటు అన్నీ పాయింట్లు పెట్టండి. ఇవన్నీ చట్టం గుర్తించే సాక్ష్యాలే. కొలిచే రోజున అటవీ, రెవెన్యూ సిబ్బందికి ముందే కబురు పంపి, వచ్చిన వాళ్ల సంతకం అక్కడే తీసుకోవాలి. యంత్రం కమిటీ వాళ్ల చేతిలోనే ఉండాలి. సిబ్బంది కొలిచి ఇచ్చిన అంకె మీద ఊరు వేలిముద్ర వేస్తే, తర్వాత తప్పని నిరూపించడం చాలా కష్టం.

వ్యక్తిగత హక్కుకు పరిమితి 4 హెక్టార్లు, అంటే 9.88 ఎకరాలు. యంత్రంలో ఏరియా యూనిట్ హెక్టార్లకే పెట్టుకుంటే దరఖాస్తు దగ్గర తికమక ఉండదు.

ఊరి అడవి మొత్తానికి వేసే ఫారం ‘సి’కి ఇది ఒక్కటే చాలదు. అక్కడ వాగులు, గుట్టల పేర్లు, పక్క ఊరి పెద్దల ఒప్పుదల ముఖ్యం. 2013లో నియమగిరిలో 12 పల్లిసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నప్పుడు మాట్లాడింది అంకెల గురించి కాదు, ఆ కొండ తమ దేవుడు నియమరాజుదని చెప్పారు.

కొలత అయిన సాయంత్రమే పాయింట్లన్నీ పల్లిసభ రిజిస్టరులో చేత్తో రాయించండి. దరఖాస్తు తిరస్కరిస్తే పై కమిటీకి వెళ్లడానికి ఉన్న గడువు 60 రోజులే, అప్పటికి యంత్రం ఏ ఊళ్లో ఉంటుందో తెలియదు.