ఫార్మ్ జాకీ మూలకి, బాటిల్ జాకీ సీటు వెనక్కి

మాది బోరు మోటార్ల పని. ఫోర్ బై ఫోర్ పికప్‌లో పైపులు, మోటార్లు వేసుకుని ఉద్దానం జీడితోటల ఇసకలో, మందస కొండ దారుల రాళ్ల మీద ఏళ్ల తరబడి తిరుగుతున్నాం. బండి గురించి కొత్తగా చెప్పేదేం లేదు, నడుస్తోంది. నా బాధంతా జాకీలతోనే. ముఖ్యంగా ఆ ఫార్మ్ జాకీతో.

4 అడుగుల కమ్మీ, దాని నిండా బెజ్జాలు, పొడవాటి పిడి. చూడ్డానికి భలే ఉంటుంది. కొన్న కొత్తలో తెలిసినవాళ్లందరికీ కొనుక్కోమని చెప్పాను కూడా. ఎత్తు లేపుతుంది, కాదనను. కానీ దాని కొక్కెం బండికి ఎక్కడ పెట్టాలి? ముందు బంపరు ప్లాస్టిక్కు. ఇనప బంపరు వేయిద్దామంటే, బుల్ బార్ల మీద, అంటే బండి ముందు బిగించే ఇనప కాపుల మీద చర్యలు తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. రోడ్డు మీద ఆ గొడవ ఎవరికి కావాలి? పక్కనున్న ఫుట్‌బోర్డు మనిషి కాలు పెట్టడానికే, బండి బరువు పడితే వంగిపోతుంది. రాక్ స్లైడర్లు, అంటే రాళ్లు తగలకుండా పక్కల చాసిస్‌కి బిగించే ఇనప గొట్టాలు ఉంటే తప్ప పక్కనుంచి లేపలేం. ఇక మిగిలింది వెనకున్న ఇనప బంపరే.

వజ్రపుకొత్తూరు వైపు ఓ జీడితోటలో వెనక ఎడమ టైరు గాలి దిగిపోయింది. బండి నిండా పైపులు. మాతో ఉన్న కుర్రాడు ఫార్మ్ జాకీ తీసి వెనక బంపరు కింద పెట్టి పిడి కొట్టడం మొదలెట్టాడు. పిన్నులు టకటకా ఒక్కో బెజ్జం ఎక్కుతున్నాయి గానీ బండి లేవదే! జాకీ పాదం ఇసకలోకి దిగిపోతోంది. తోట కాసే పెద్దాయన కాసేపు చూసి, "ఏటి బాబూ, బండిని లేపుతున్నావా, జాకీని పాతుతున్నావా?" అన్నాడు. ఆయనే పాక వెనక నుంచి తాటి చెక్క ఒకటి తెచ్చిచ్చాడు. చెక్క మీద పెడితే బాడీ లేచింది, కమాను కట్టలు సాగుతూ పోయాయి, టైరు మాత్రం నేల వదల్లేదు. ఇంకాస్త లేపేసరికి బండి పక్కకి ఊగింది. కమ్మీ ఒరిగి వెనక లైటు పగిలింది, పిడి విసురుగా పైకి లేచి కుర్రాడి చెవి పక్కనుంచి పోయింది. అది దవడకి తగిలి ఉంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ టెన్షనే.

పైపులు దించేసి, ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టి, అప్పుడు బాటిల్ జాకీ, అదే సీసాలా నిలబడే నూనె జాకీ తీశాం. గేరులో ఉందిలే అన్న ధీమా పనికిరాదు. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచిందంటే రెండు చక్రాల్నీ వేరువేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల అది ఊరికే తిరుగుతుంది, బండి దొర్లిపోవచ్చు. గాలి పోయిన టైరుతో వెనక ఇరుసు హౌసింగ్ బాగా కిందికి వచ్చేసింది. ఇసక కొంచెం తవ్వి, అదే చెక్క వేసి, కట్టల్ని ఇరుసుకి బిగించే యూ బోల్టుల పక్కన హౌసింగ్ కింద జాకీ ఆనించాం. ఇక్కడ కట్టలు సాగే పని లేదు కదా, కాసేపు కొట్టేసరికే టైరు నేల వదిలింది. చక్రం విప్పుతున్నంతసేపూ స్టెప్నీని చాసిస్ కిందకి తోసి ఉంచాం, జాకీ జారినా బండి దాని మీదే ఆగుతుందని.

నాకు బాగా నచ్చింది ఆ జాకీ తల మీద చేత్తో తిప్పి పెంచే మర. వెనక దాని అవసరం పెద్దగా రాదు. ముందు వైపు ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్, చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ వాలుగా ఉంటుంది, అక్కడ ఆనిస్తే జారుతుందని భయం. అందుకే మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపించిన చోట చాసిస్ కిందే పెడతాను. అక్కడ అందాల్సిన ఎత్తు ఎక్కువ. మర పూర్తిగా తిప్పి, కింద చెక్క వేస్తేనే టైరు లేస్తుంది. ఆ మర లేని జాకీ చవగ్గా దొరికినా తీసుకోను.

అలాగని ఇదేం గొప్ప వస్తువు కాదు. సీటు వెనక అడ్డంగా పడేసి తిప్పితే నూనె కారింది, ఇప్పుడు నిలబెట్టి బెల్టుతో కడుతున్నాం. బురదలో ఆ చిన్న పాదానికి ఒక్క చెక్క చాలదు. ఫార్మ్ జాకీని అమ్మేయలేదు. గాడిలో ఇరుక్కున్న చక్రాన్ని లేపి కింద రాళ్లు పేర్చాల్సి వస్తే, గొలుసు కట్టి లాగాల్సి వస్తే అదే దిక్కు. పిన్నుల్లో ఇసక లేకుండా తుడిచి నూనె రాస్తూ ఉండాలి.

వెనక కట్టలున్న, బరువు మోసే బండికి నా లెక్క ఇది. నాలుగు చక్రాలకీ కాయిల్ స్ప్రింగులుండి, రాక్ స్లైడర్లు వేయించుకున్నవాళ్లకి ఫార్మ్ జాకీయే నచ్చొచ్చు. పొగ గొట్టం గాలితో ఉబ్బే సంచి జాకీ ఇసకకి బాగుంటుందంటున్నారు గానీ, మా తీరంలో గట్ల నిండా మొగలి ముళ్లే. ఆ సంచి అక్కడ ఎన్నాళ్లు ఆగుతుందో వాడినవాళ్లు చెబితే అప్పుడు కొంటాను.