జుట్టు క్రీమ్‌తో ఆస్ట్రో సిటీకి తెలుపు: కొన్నేళ్ళ వాడకం తర్వాత నా రివ్యూ

పాత గేమ్ మెషీన్ ప్లాస్టిక్‌ను మళ్ళీ తెల్లగా చేయడం గురించి ముందే చెప్పేస్తాను: 40 వాల్యూమ్ డెవలపర్ క్రీమ్, అంటే జుట్టు రంగు పోగొట్టడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీమ్, పనిచేస్తుంది. పసుపు పచ్చగా మారిన ప్లాస్టిక్ మీద రాసి ఎండలో పెడితే సాయంత్రానికి తేడా కళ్ళకు కనిపిస్తుంది. కానీ దీని గురించి యూట్యూబులో ఉన్న వీడియోలు చాలావరకు పని అయిపోయిన రోజుతోనే ఆగిపోతాయి. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పేవాళ్ళు తక్కువ. నేను చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి ఆ సంగతే రాస్తున్నా.

మేం ఉండేది డల్లాస్ శివార్లలో. గ్యారేజీలో ఉన్న మెషీన్ సెగా కంపెనీ ఆస్ట్రో సిటీ, నాణెం వేసి ఆడే వీడియో గేమ్ మెషీన్, 1993లో జపాన్ గేమ్ సెంటర్ల కోసం తయారైంది. 29 అంగుళాల పిక్చర్ ట్యూబు, స్టూలు మీద కూర్చుని ఆడే ఎత్తు, వంద యెన్‌ల నాణెం వేసే స్లాటు. కొన్నప్పుడు దాని తెల్ల భాగాలు గార పట్టిన పళ్ళ రంగులో ఉన్నాయి. అది కూడా అన్నీ ఒకేలా లేవు. కంట్రోల్ ప్యానెల్ పక్కన ఒక ముక్క బాగా ముదిరితే, దానికి ఆనుకుని ఉన్నది దాదాపు కొత్తదానిలా ఉంది. ఒకే మెషీన్‌లో ఇలా ఉండటం మామూలే. అచ్చుపోసిన బ్యాచ్‌ను బట్టి, అందులో కలిపిన పదార్థాలను బట్టి రంగు తిరగడం మారుతుంది.

క్రీమ్ కొనే ముందు చేయాల్సింది మంచి కడుగుడు. జపాన్ గేమ్ సెంటర్లలో 2020 ఏప్రిల్‌లో చట్టం కఠినమయ్యేదాకా మెషీన్ దగ్గరే కూర్చుని సిగరెట్ కాల్చడం మామూలు విషయం. ఆ పొగ జిడ్డు ప్లాస్టిక్ మీద పొరలా పేరుకుపోయి ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు వేసి తుడిచాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిస్తే గుడ్డ గోధుమరంగుకు తిరిగింది, సగం పచ్చదనం దానితోనే పోయింది. తుడిచినా పోనిదే ప్లాస్టిక్ లోపలి పచ్చదనం. సిగరెట్ పెట్టి కాల్చిన మచ్చలుంటే వాటికి ఏ క్రీమూ మందు కాదు.

ఈ ప్లాస్టిక్ ఏబీఎస్ రకం. అందులోని బ్యూటాడయీన్ అనే భాగం గాలిలోని ఆక్సిజన్‌కూ, ఎండలోని అతినీలలోహిత కిరణాలకూ, వేడికీ తొందరగా లొంగుతుంది. మంటలు అంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలు కూడా దీనికి తోడవుతాయంటారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ చేసేదల్లా ఆ పసుపు రంగుకు కారణమైన బంధాలను విరగ్గొట్టడమే. అదీ పైపొరలోనే. పాత కంప్యూటర్ల అభిమానులు 2008 ప్రాంతంలో ఈ పద్ధతిని పట్టుకుని రెట్రోబ్రైట్ అని పేరు పెట్టారు. 40 వాల్యూమ్ అంటే 12 శాతం పెరాక్సైడ్. అమెరికాలో మందుల షాపులో దొరికేది 3 శాతమే కాబట్టి అందరూ బ్యూటీ సప్లై దుకాణానికి పోతారు. మా ఆవిడ తనకోసమే తెచ్చాననుకుని ఒక సీసా బాత్రూమ్‌లో పెట్టేసుకుంది, అది వేరే కథ.

క్రీమ్‌లో నాకు నచ్చింది చవక, సులువు. పెద్ద ముక్కను ముంచడానికి తొట్టి వెతుక్కోనక్కర్లేదు. బ్రష్‌తో మందంగా రాసి, ఆరిపోకుండా వంటింటి ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి ఎండలో పెట్టడమే. నచ్చనిది కూడా ఆ ఫిల్మ్ దగ్గరే మొదలవుతుంది. ఫిల్మ్ కింద గాలి బుడగ ఎక్కడ నిలిచిందో అక్కడ క్రీమ్ పలచబడుతుంది, ఆ ఆకారంలోనే మచ్చ పడుతుంది. ఎక్కడైనా ఎండిపోతే ఇంకా ఘోరం: ఆ చోట ప్లాస్టిక్ అవసరానికి మించి పాలిపోయి, తెల్లటి మబ్బు మరకలా ఉండిపోతుంది. పచ్చదనాన్ని మళ్ళీ తీయొచ్చు గానీ ఈ మబ్బు మరకను తీయడం దాదాపు అసాధ్యం. దగ్గరుండి గంటకోసారి ఫిల్మ్ ఎత్తి, క్రీమ్‌ను కలియబెట్టి, ముక్కను తిప్పి పెట్టే ఓపిక ఉంటేనే దీని జోలికి వెళ్ళండి. డాబా మీద పెట్టి ఆఫీసుకు పోయే పని కాదు.

అందుకే ఇప్పుడు ఏ ముక్క అయినా తొట్టిలో పడుతుందంటే నేను ద్రవ పెరాక్సైడే వాడతాను. లోపలికి వెలుతురు పోయే ప్లాస్టిక్ డబ్బా, ముక్క పూర్తిగా మునిగేంత ద్రవం. నీళ్ళు కలిపి 6 శాతానికి తెచ్చినా చాలు, కాస్త ఆలస్యమవుతుంది అంతే. ఇక్కడ చిక్కు ఏమిటంటే, బుడగలు పట్టి ముక్క పైకి తేలుతుంది. తేలిన అంచు ద్రవం బయట ఉంటే ఆ గీత దగ్గరే రంగు విడిపోతుంది. నేను నీళ్ళు నింపిన గాజు సీసా పైన పెట్టి అణచి ఉంచుతాను, అప్పుడప్పుడూ డబ్బాను తట్టి బుడగలు రాలగొడతాను. ఎండ లేని రోజుల్లో ద్రవాన్ని వెచ్చగా ఉంచినా పని జరుగుతుంది. అయితే 60 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి, పలుచని ముక్కలు వంకర తిరుగుతాయి. డబ్బా మూత ఎప్పుడూ బిగించకూడదు. లోపల ఆక్సిజన్ ఊరుతూనే ఉంటుంది, బిగిస్తే పేలుతుంది. 12 శాతం చర్మానికి తగిలితే అక్కడ తెల్లబడి సూదులు గుచ్చినట్టు మండుతుంది. గ్లోవ్స్, కళ్ళజోడు తప్పనిసరి. అసిటోన్‌గానీ బ్లీచ్‌గానీ దీని దగ్గరికి కూడా రానివ్వకండి, ప్రమాదం.

ఇక అసలు సంగతి. మొదట చేసిన ముక్కలు మళ్ళీ పచ్చబడ్డాయి. మెషీన్ మీద, వెలుతురులో ఉన్నవి ముందుగా, అటక మీద చీకట్లో దాచినవి ఆలస్యంగా. చీకట్లో ఉంచితే రాదనుకునేవాళ్ళకు నా అనుభవం అది కాదు. మొదటిసారి కన్నా లేతగానే వచ్చింది, కాకపోతే మచ్చలు మచ్చలుగా వచ్చింది. రెండోసారి చేసినప్పుడు తెలుపు వచ్చింది గానీ నిగారింపు కొంచెం తగ్గింది. చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది, ఫోటోలో తెలియదు.

బలం విషయంలోనూ ఆశ పెట్టుకోవద్దు. పచ్చబడిన ఏబీఎస్ అప్పటికే పెళుసెక్కి ఉంటుంది, తెల్లబడినంత మాత్రాన గట్టిపడదు. స్క్రూలు పట్టే బొడిపెలు, లోపలి క్లిప్పులు విప్పేటప్పుడే పుటుక్కుమంటాయి. స్క్రూలూ స్ప్రింగులూ ముందే తీసేయాలి, లేకపోతే తుప్పు నీళ్ళు ప్లాస్టిక్ మీదికి దిగుతాయి. అచ్చు అక్షరాలు, స్టిక్కర్లు ఉన్నచోట నేను క్రీమ్ అసలు పెట్టను. రంగు ప్లాస్టిక్ కూడా వెలిసిపోతుంది.

బటన్ల కోసం ఈ తిప్పలేవీ పడొద్దు. సాన్వా కంపెనీ 30 మిల్లీమీటర్ల బటన్ ఇక్కడ కొన్ని డాలర్లకే కొత్తది దొరుకుతుంది, జాయ్‌స్టిక్ బంతి కూడా అంతే. వాటిని తెల్లబరచడానికి ఆదివారం పాడుచేసుకోవడం నాకైతే పిచ్చిపనే. పెద్ద ముక్కలకు మాత్రం ఇప్పుడు పెయింట్ వైపే మొగ్గుతున్నా. సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టి, పైన స్ప్రే. ఒరిజినల్ పోయిందని గొణిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మెషీన్లు వాళ్ళిష్టం.

మన ఊళ్ళలో చేయాలనుకునేవాళ్ళకు: మందుల షాపులో 20 వాల్యూమ్ పెరాక్సైడ్ అడిగితే 6 శాతం ఇస్తారు, చిన్న ముక్కలకు అది సరిపోతుంది. ఒంగోలులో మా అన్నయ్య ఇంట్లో పాత టీవీ గేమ్ కంట్రోలర్ పైచిప్ప దానితోనే చేశాం. మే నెలలో డాబా గచ్చు మీద నేరుగా పెట్టొద్దు, కింద చెక్క వేసి ఉదయపు ఎండలోనే కానిచ్చేయండి. చిన్న సీసాలే కొనండి. మూత తీసిన సీసా నెలల తరబడి ఉంటే సత్తువ పోతుంది, ముక్కలో తప్పుందేమో అని మనం అనవసరంగా టెన్షన్ పడతాం.

క్రీమ్‌కు ఐదుకు మూడు, ద్రవానికి నాలుగు.