కాలువ కట్టల మీద మూడు రకాల జీపీఎస్: విజయవాడ నుంచి శ్రీశైలం

విజయవాడ, గుంటూరు, కోటప్పకొండ, పిడుగురాళ్ల, మాచర్ల, సాగర్, దోర్నాల, శ్రీశైలం. వచ్చేటప్పుడు మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట. ఇందులో దారి తప్పడానికి ఏముంది అనిపిస్తుంది. తారు రోడ్డు పట్టుకుని పోయేవాళ్లకు నిజంగానే ఏమీ లేదు, బోర్డులు చాలు. మేం మాత్రం సాగర్ కుడి కాలువ కట్టలు, మేజర్ల (దాని పిల్ల కాలువల) పక్క మట్టి దార్లు, పల్నాడు డొంకలు దొరికిన చోటల్లా దిగుతూ పోదామని మూడు బైకుల మీద బయల్దేరాం. ఒక్కో హ్యాండిల్ మీద ఒక్కో రకం జీపీఎస్. నా బండికి బైకుల కోసమే చేసిన గార్మిన్ జుమో ఎక్స్‌టీ, మా బావ బండికి ఓస్మ్‌యాండ్ అనే మ్యాపు యాప్ వేసిన పాత ఆండ్రాయిడ్ ఫోన్, మిత్రుడి బండికి అరచేతిలో పట్టే గార్మిన్ వారిదే ఈట్రెక్స్ 32ఎక్స్. రోడ్డుకూ మట్టి దారికీ కలిపి ఒకటే కొనాలంటే ఏది కొనాలి అన్నది అంతకు చాలా ముందునుంచే మా మధ్య నలుగుతున్న వాదన.

ముందు ఊరు దాటే సంగతి. విజయవాడలో ఏ జీపీఎస్‌కైనా బెంజ్ సర్కిల్ దగ్గర తికమకే. జీపీఎస్‌లో ఎత్తు లెక్క ఎప్పుడూ అడ్డం లెక్క కన్నా ఎక్కువ తప్పుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు రోడ్లు ఉంటే మనం ఫ్లైఓవర్ మీద ఉన్నామో కింద ఉన్నామో దానికి తేలదు. కనకదుర్గ ఫ్లైఓవర్ దగ్గరా అంతే. అక్కడ బాణం గుర్తును నమ్మకుండా పైన పచ్చ బోర్డు చూసుకోవడమే పని. వారధి దాటి, మంగళగిరి, కాజ టోల్‌గేటు మీదుగా గుంటూరు చేరేదాకా జుమో హాయిగా ఉంది. ఐదున్నర అంగుళాల తెర, ఎదురెండలో కూడా చక్కగా కనపడుతుంది, గ్లవ్స్ తియ్యకుండా నొక్కొచ్చు.

కానీ గుంటూరులో పంక్చరు కొట్టు వెతకాల్సి వచ్చినప్పుడు తీసింది జేబులో ఫోనే. మన అడ్రసులన్నీ ‘శివాలయం ఎదురు సందు, వాటర్ ట్యాంకు పక్కన’ రకం. అలాంటివి ఫోన్ మ్యాపులో జనం గుర్తులు పెట్టి పెట్టి దొరికేలా చేశారు. విడిగా కొనే జీపీఎస్‌లో ఆ సుఖం లేదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన లొకేషన్‌ను ఫోన్‌లో ఒక్కసారి నొక్కితే చాలు, జుమోలోకి ఎక్కించాలంటే బండి పక్కకు ఆపాలి. ట్రాఫిక్ చూడటానికీ ఫోనే. రోడ్డు వరకూ లెక్కేస్తే వేలకు వేలు పోసి విడి జీపీఎస్ కొననక్కర్లేదు, ఇందులో నాకు రెండో మాట లేదు.

నరసరావుపేట వైపు కోటప్పకొండ దాటాక కథ మారింది. ఇక్కడ ఒక సంగతి విడమరిచి చెప్పాలి, ఎందుకంటే జీపీఎస్ కొన్న చాలామంది కంపెనీని తిట్టుకునేది దీని వల్లే. దారులు దాచుకునే జీపీఎక్స్ ఫైలులో రూటు వేరు, ట్రాకు వేరు. రూటు అంటే మనం పెట్టిన నాలుగైదు చోట్లు మాత్రమే. వాటి మధ్య దారిని ఎవరి జీపీఎస్‌లో ఉన్న మ్యాపును బట్టి అదే లెక్కగట్టుకుంటుంది. ఇంట్లో కంప్యూటర్‌లో కాలువ కట్ట మీదుగా చక్కగా కనపడిన రూటు, బండి మీదకొచ్చేసరికి హైవే ఎక్కేస్తుంది, ఎందుకంటే ఆ జీపీఎస్ మ్యాపులో కట్ట అసలు దారే కాదు. ట్రాకు అలా కాదు. వందల వేల చుక్కలు కలిపి గీసిన గీత అది. దాన్ని ఏ జీపీఎస్సూ తిరగరాయదు, మనం పక్కకు పోయినా అది అక్కడే ఉంటుంది. డొంకల్లో మనకు కావాల్సింది ఆ గీతే. ‘యూటర్న్ తీసుకోండి’ అనే గొంతు అక్కర్లేదు.

జుమోలో ట్రాకును ట్రాకుగానే ఉంచి రంగు మార్చి మ్యాపు మీద చూపించుకోవచ్చు. ట్రిప్పుగా మార్చుకుంటే మలుపులు కూడా చెబుతుంది. నేను రెండో దాని జోలికి పోను. మా బావ ఫోన్‌లో ఓస్మ్‌యాండ్ కూడా అంతే, ట్రాకు తెరిచి ఊరుకుంటే గీత చూపించి ఊరుకుంటుంది. పైగా అందులో జనం కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆఫ్‌లైన్‌లో ఉంటుంది, ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఉపగ్రహం ఫొటోలు దింపుకుని కింద పరచుకోవచ్చు. అదే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను గార్మిన్‌కు పనికొచ్చేలా మార్చినవి కూడా ఉచితంగా దొరుకుతాయి, మెమరీ కార్డులో వేస్తే జుమోలోనూ ఈట్రెక్స్‌లోనూ పనిచేస్తాయి. మన పల్నాడు డొంకలు, కట్టలు ఎక్కడైనా కనపడ్డాయంటే చాలావరకు అందులోనే కనపడ్డాయి.

కట్ట మీద అసలు ఇబ్బంది ఏమిటంటే, కాలువకు రెండు కట్టలుంటాయి, దాటడానికి వంతెన ఎక్కడో గానీ ఉండదు. ఎడం కట్ట మీద వెళ్లాల్సింది కుడి కట్ట ఎక్కితే కిలోమీటర్లు పోయాక గానీ తెలియదు. ఆరుబయట జీపీఎస్ మామూలుగా ఐదారు మీటర్లకు మించి తప్పదు కాబట్టి మనం ఏ కట్ట మీద ఉన్నామో దానికి తెలుసు. అది మన కంటికి కనపడాలి కదా. ఈట్రెక్స్ తెర రెండుంపావు అంగుళాలు కూడా ఉండదు. బాగా దగ్గరికి జూమ్ చేస్తే తప్ప రెండు కట్టలూ కాలువా కలిసి ఒకే గీత. అంత దగ్గరికి జూమ్ చేస్తే ముందున్న వంతెన తెరలోంచి జారిపోతుంది. మిత్రుడు ప్రతి తూము దగ్గరా బండి ఆపి, వంగి, బొటనవేలితో ఆ చిన్న పుల్లను కదుపుతూ చూసుకున్నాడు. నడిచేవాడికి అది బంగారం, బండి తోలేవాడికి కళ్లజోడు కావాలి.

ఆ చిన్నదానికీ రెండు గొప్పలున్నాయి, కాదనను. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే 25 గంటలు అని కంపెనీ లెక్క, ఆ సెల్స్ మాచర్లలో ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. ఎండ ఎంత ఎక్కువైతే దాని తెర అంత బాగా కనపడుతుంది. ఎండాకాలం వార్తల్లో పేరు మోగిపోయే రెంటచింతల పక్కన తిరుగుతున్నాం, మార్చి నెలే అయినా మధ్యాహ్నానికి మా బావ ఫోన్ వేడెక్కి ముందు వెలుగు తగ్గించేసింది, తర్వాత ఛార్జింగ్ తీసుకోవడం మానేసింది. కాసేపు చింతచెట్టు కింద నీడన పెట్టి, తడిగుడ్డ చుట్టి (గుడ్డ తెర మీద వద్దు, వెనక మాత్రమే) మళ్లీ లేపాం.

కారంపూడి వైపు ఒక డొంకలో మా ట్రాకు సూటిగా మిరప కళ్లంలోకి దూరింది. గీత వెళ్లిన చోట దారికి అడ్డంగా పట్టాలు పరిచి కాయలు ఆరబోశారు, ఎర్రగా, కనుచూపు మేర. హెల్మెట్ అద్దం దించినా దగ్గు ఆగలేదు. పక్క గట్టు మీదుగా బళ్లు నడిపించుకుంటూ దాటాం. ఇంకాస్త ముందు గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన ఎదురైతే ఆపి అడిగాం.

‘తాతా, ఈ డొంక కారంపూడి రోడ్డులో కలుస్తుందా?’

‘కలుస్తదిగానీ బాబూ, వాగు కాడ చప్టా కొట్టుకుపోయింది. ఎడ్లబండైతే దిగుద్ది, మీ బళ్లు దిగవు. యెనక్కి పోయి కట్ట మీదగా రాండి.’

మా మూడిట్లోనూ ఆ చప్టా బాగానే ఉంది. వాన పడితే నల్లరేగడి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఎంత బిగుస్తుందో కూడా ఏ మ్యాపూ చెప్పదు. అందుకే తెర పెద్దదైతే అడిగే పని తప్పుతుందని అనుకునేవాళ్లతో నాకు పేచీ.

ఎత్తిపోతల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఆ రోజుల్లో నీళ్లు పలచగానే ఉంటాయి. అక్కడి నుంచి సాగర్ పదకొండు కిలోమీటర్లు. రాత్రికి విజయపురి సౌత్‌లో ఏపీ టూరిజం వారి హరిత హోటల్లో దిగాం. భోజనం మామూలే, జలాశయం వైపు గాలి మాత్రం మామూలు కాదు. బళ్లు కంపౌండ్ లోపలే పెట్టనిచ్చారు, మౌంట్లు విప్పే పని తప్పింది. శ్రీశైలంలో దిగిన ప్రైవేటు లాడ్జి ఇందుకు ఉల్టా. గదికంతా ఒకటే ప్లగ్గు, అదీ ఫ్యాను స్విచ్చు పక్కన తలకన్నా ఎత్తులో. ఫోన్లు, హెల్మెట్ ఇంటర్‌కమ్‌లు, కెమెరా అన్నీ దానికే వేలాడాయి. ఈ దారిలో పోయేవాళ్లు ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టుకోండి. శివరాత్రి, కార్తీక మాసం రోజుల్లో అయితే గది దొరకడమే గొప్ప, ముందే దేవస్థానం గదో సత్రమో చూసుకోవాలి.

మాచర్ల నుంచి ఎర్రగొండపాలెం, దోర్నాల రోడ్డు. దోర్నాలలో పెట్రోలు నింపుకోండి, ఆపైన యాభై కిలోమీటర్ల ఘాట్. నల్లమలలో ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. ఇక్కడే చాలామంది ‘సిగ్నల్ లేదు, జీపీఎస్ పోయింది’ అంటారు. జీపీఎస్‌కు సిమ్ అక్కర్లేదు. పోయేది మ్యాపు, అదీ ముందు దింపుకోకపోతేనే. డేటా ఉంటే ఉపగ్రహాల వివరాలు నెట్‌వర్క్ నుంచి వచ్చేసి ఫోన్ తన చోటును తొందరగా పట్టుకుంటుంది, లేకపోతే ఆకాశం నుంచే తీసుకోవాలి కాబట్టి కాస్త ఆలస్యం, అంతే. ఇక ఘాట్‌లో ట్రాకులు, కట్టలు అంటూ పక్కకు దిగే ఆలోచన వద్దు. అది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. రోడ్డు దిగితే నేరం. దోర్నాల గేటు రాత్రి తొమ్మిదికి వేస్తే మళ్లీ ఉదయం ఆరుకే తీస్తారు, జీపీఎస్ చూపించే చేరే సమయానికి ఆ సంగతి తెలియదు.

ఫోన్‌ను నేరుగా హ్యాండిల్‌కు బిగించేవాళ్లకు ఒక మాట. బండి కుదుపులకు కెమెరాలో బొమ్మ కదలకుండా చూసే స్టెబిలైజర్ పాడవొచ్చని ఆపిల్ 2021లో స్వయంగా చెప్పింది. కుదుపు తగ్గించే రబ్బరు ముక్క ఉన్న మౌంటు వాడినా, రోజూ వాడే ఖరీదైన ఫోన్‌ను నేనైతే పెట్టను. వానలో తెర మీద పడ్డ చినుకే వేలు అనుకుని మ్యాపు ఎటో లాగేస్తుంది, అది ఇంకో బాధ. మా బావ చేసింది ఈ విషయంలో సబబే. ఇంట్లో మూల పడున్న పాత ఫోన్, సిమ్ లేదు, ఓస్మ్‌యాండ్ ఒక్కటే. పాడైతే బాధ లేదు. రోడ్డు మీద దారి కావాలంటే అసలు ఫోన్ జేబులో ఉంది, మాట హెల్మెట్‌లో వినపడుతుంది. కొత్త హిమాలయన్ 450 లాంటి బళ్లలో డయల్‌లోనే గూగుల్ మ్యాపు కనపడుతుంది గానీ, అది కూడా ఫోన్ నుంచి రావాల్సిందే.

నేను చెప్పేది ఇదే: విజయవాడ, గుంటూరు చుట్టూ శని, ఆదివారాలు తిరిగేవాళ్లకు ఆ పాత ఫోన్ దారే చాలు. ఎండకు దాచుకోవడం ఒక్కటే పని. జుమో లాంటిది వానలో, దుమ్ములో, రోజుల తరబడి తిరిగేవాళ్లకు సరిపోతుంది, నీళ్లలో పడ్డా తట్టుకునే ఐపీఎక్స్7 కట్టు దానిది. సొంత బ్యాటరీ కొన్ని గంటలే, కాబట్టి బండి బ్యాటరీ నుంచి వైరు తప్పదు. నాది ఆటోనగర్‌లో వేయించాను. ఫ్యూజు పెట్టించి, తాళం తిప్పి బండి ఆన్ చేస్తేనే కరెంటు వచ్చేలా రిలే కట్టించాలి, లేకపోతే తెల్లారేసరికి బండి కిక్కు కొట్టే పరిస్థితి. హ్యాండిల్ బార్‌కు బిగించే మౌంటు బోల్టు కట్టల మీద కుదుపుకు వదులవుతుంది, రోజూ పొద్దున్నే ఒకసారి చేత్తో తిప్పి చూసుకోవాలి.

నడకకూ బండికీ రెండిటికీ ఒకటే కావాలనే వాళ్లు గార్మిన్‌లోనే మోంటానా 700 చూస్తుంటారు, ఐదు అంగుళాల తెర. దాని పక్కనే 700ఐ అని ఉంటుంది, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే ఇన్‌రీచ్ ఉన్నది. విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు ఆ చివరి ‘ఐ’ ఒక్కటి జాగ్రత్తగా చూడండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటివి మన దేశంలో దగ్గర ఉంచుకోవడమే నేరం, విమానాశ్రయంలో పట్టుకుంటే కేసు పెడతారు.