చత్వారం వచ్చాక చిన్న విమానం: ఎయిర్‌ఫిక్స్ 1/72 స్పిట్‌ఫైర్ స్టార్టర్ సెట్

పదో తరగతి సెలవుల్లో మస్కట్ మావయ్య తెచ్చిన ప్లాస్టిక్ విమానం కిట్టే నేను ఆఖరుసారి అతికించింది. తర్వాత చదువు, ఉద్యోగం, ఈఎంఐలు, పిల్లల ఫీజులు, ఇక అటువైపు చూస్తే ఒట్టు. నిరుడు వానలకి నాలుగు రోజులు ఇల్లు కదలకుండా కూర్చుంటే ఫోన్‌లో ఎవరో చిన్న ట్యాంకుకి రంగులేస్తున్న వీడియో కనపడింది. పాత పిచ్చి మళ్లీ పట్టుకుంది.

పట్టుకుంది సరే, మొదట చేసింది తెలివితక్కువ పని. అప్పుడు చేశాంగా ఇప్పుడూ చేసేస్తాం అన్న ధీమాతో ఏకంగా 1/35 స్కేలు (అంటే అసలుదానిలో ముప్పై అయిదో వంతు సైజు) ట్యాంకు ఆర్డర్ పెట్టేశాను. డబ్బా తెరిస్తే వందల ముక్కలు, చక్రాల చుట్టూ తిరిగే ట్రాక్ కూడా ఒకే పట్టీలా లేదు, ఒక్కో లింకూ ఫ్రేము నుంచి విడిగా కోసి, అరగదీసి, అతికించుకోవాలి. ఆఫీసు నుంచొచ్చి రెండు గంటలు కూర్చుంటే పదకొండు లింకులయ్యాయి. పన్నెండోది పట్టుకునేసరికి మెడ పట్టేసింది, డబ్బా అటకెక్కింది. తప్పు కిట్‌ది కాదు. చేతులకి పని గుర్తుంది గానీ కళ్లకి ఇప్పుడు చత్వారం, ముక్క ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే మసక, దూరం పెడితే చిన్నది. కొనేటప్పుడు మనం వేసుకునే లెక్కలో ఇరవయ్యేళ్ల కిందటి మనమే ఉంటాం, అదీ చిక్కు.

రెండోసారి బుద్ధి తెచ్చుకుని ముక్కలు తక్కువున్నదే వెతికాను, ఎయిర్‌ఫిక్స్ కంపెనీ వాళ్ల 1/72 స్పిట్‌ఫైర్ దొరికింది, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లీషు యుద్ధవిమానం. అమలాపురంలో ఫ్యాన్సీ షాపులో అడిగితే "ఏరోప్లేన్ బొమ్మాండి? రిమోట్‌ది ఉందండి, లైట్లు కూడా వెలుగుతాయండి" అన్నాడు పాపం. ఆన్‌లైన్‌లోనే తెప్పించాను, రెండు వేల లోపే పడింది.

సెట్‌లో విమానంతో పాటు గ్లూ, కుంచెలు, బుల్లి బుల్లి యాక్రిలిక్ రంగుల కప్పులు వస్తాయి. మళ్లీ మొదలెట్టేవాడికి ఇది పెద్ద సుఖం, ఎందుకంటే ఏ రంగు నంబరు కొనాలి, ఏ థిన్నర్ పడుతుంది అని వెతుక్కుంటూనే సగంమంది ఆగిపోతారు. ముక్కలు నలభై లోపే. కింది రెక్క మొత్తం ఒకటే ముక్క, దానిమీద పై రెక్కలు రెండూ కూర్చుంటాయి, కాబట్టి రెక్కలు ఒకటి పైకీ ఒకటి కిందకీ పోతాయన్న టెన్షన్ లేదు. పూర్తయితే రెక్క కొస నుంచి రెక్క కొసకి పదిహేనున్నర సెంటీమీటర్లు. కొందరు ప్యానెల్ గీతలు (రేకుల అతుకుల్లా కనపడే గాట్లు) లోతుగా ఉన్నాయని పెదవి విరుస్తారు గానీ, నాలా కుంచెతో మందంగా రంగు పూసేవాడికి ఆ లోతే మేలు, రెండు పూతలు పడ్డాక కూడా గీత కనపడుతోంది.

ఒక్కటి జాగ్రత్తగా చూడండి. ఇదే కంపెనీ పాత అచ్చులతో 'వింటేజ్ క్లాసిక్స్' అనే పేరు మీద కూడా కిట్లు అమ్ముతుంది. చిన్నప్పటి డబ్బా బొమ్మ చూస్తే మనసు అటే లాగుతుంది, నాకూ లాగింది. అవి దాచుకోవడానికి బావుంటాయి, మళ్లీ మొదలెట్టడానికి మాత్రం కాదు. అతుకుల దగ్గర సందులు పూడ్చడానికి పుట్టీ, ఎమెరీ కాగితం పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఈ స్పిట్‌ఫైర్ అచ్చు 2010 ప్రాంతంలో కొత్తగా చేసింది, ముక్కకి ముక్క బాగా పడుతుంది. ఇదే కంపెనీ 'నాట్' (Gnat) విమానం కొందామా అని కూడా అనుకున్నాను, 1965 యుద్ధంలో మన వాయుసేన నడిపిన విమానం కదా అని. కానీ 1/72లో వీళ్లు చేసింది రెండు సీట్ల ట్రైనర్, మనవాళ్లు యుద్ధంలో నడిపింది ఒక సీటుది. అది తెలిశాక మోజు తగ్గింది.

గ్లూ గురించి చెప్పాలి. ఈ ప్లాస్టిక్ గ్లూ జిగురులా పట్టుకోదు, పాలీస్టైరీన్‌ని కొద్దిగా కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. అందుకే ఎక్కువైతే వేలిముద్రతో సహా కరుగుతుంది (నా కుడి బొటనవేలు ఇప్పుడు ఎడమ రెక్క మీద ఉంది). వీలైతే ట్యూబు పక్కన పెట్టి టామియా కంపెనీ ఎక్స్‌ట్రా థిన్ అనే పల్చటి గ్లూ సీసా ఒకటి విడిగా కొనుక్కోండి, మూతకే సన్నటి కుంచె ఉంటుంది, రెండు ముక్కలూ కలిపి పట్టుకుని అతుకు మీద తాకిస్తే చాలు, సందులోకి అదే పాక్కుంటూ పోతుంది. కాక్‌పిట్ అద్దానికి మాత్రం సూపర్ గ్లూ జోలికి వెళ్లకండి, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. నేను అదే చేశాను, లోపల పైలట్ పొగమంచులో ఎగురుతున్నట్టున్నాడు. ఫెవికాల్ చుక్క చాలు, ఆరాక కనపడదు.

డికాల్స్ (విమానం మీది గుర్తులకి నీళ్లలో ముంచి అంటించే పల్చటి స్టిక్కర్లు) దగ్గర ఆత్రేయపురం గుర్తొచ్చింది. పూతరేకుకి తడి తగిలీ తగలనట్టు తగిలితేనే మడత పడుతుంది, ఎక్కువైతే ముద్దయిపోతుంది, ఇదీ అంతే. నీళ్లలో పది పదిహేను సెకన్లు ముంచి తీసి పక్కన పెట్టి, కాగితం మీద అదే జారేదాకా ఆగాలి. ఆగకుండా గోటితో లాగితే చిరుగుతుంది. ఇంకోటి, సెట్‌లో రంగులు మ్యాట్‌వి, గరుకు మీద డికాల్ పెడితే కింద గాలి చిక్కుకుని వెండి రేకులా మెరుస్తుంది. ముందు నున్నగా మెరిసే గ్లాసీ వార్నిష్ ఒక పూత వెయ్యండి. అదీ శ్రావణంలో, మా కోనసీమ గాలికి, స్ప్రే డబ్బాతో వెయ్యకండి, తేమకి వార్నిష్ పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. ఎండ కాసిన రోజు పదకొండింటికి వేసుకోండి, లేదా కుంచెతో పూసుకోండి.

తోక చక్రం ట్వీజర్ నుంచి ఎగిరి గుమ్మం దగ్గర కొబ్బరి పీచు పట్టాలో పడింది. బియ్యపు గింజంత బూడిదరంగు ముక్క. మా ఆవిడ "ఏమండీ, ఆ పట్టా ఇప్పుడే దులపబోయానండీ" అంది. గుండె ఆగినంత పనైంది. టార్చిలైటు నేలకి ఆనించి అడ్డంగా వేస్తే నీడ పొడుగ్గా పడి దొరికింది, ఈ చిట్కా మాత్రం గుర్తుపెట్టుకోండి.

మొత్తం ఆరు సాయంత్రాలు పట్టింది. ఇంట్లో టీవీ పక్కన పెట్టాను. మా అమ్మాయి చూసి "నాన్నా, కాకినాడ మీద బాంబులేసింది ఇదేనా" అంది, నాయనమ్మ చెప్పిన 1942 ఏప్రిల్ నాటి కథ దానికి గుర్తుంది. కాదమ్మా, అవి జపాన్ వాళ్లవి, ఇది ఇంగ్లీషు వాళ్లది అని చెప్పాను. అలాగైతే జపాన్‌ది కూడా చెయ్యమంది.

చేస్తాను గానీ ఈసారి 1/48లో, టామియాది చూస్తున్నాను. ఖరీదు ఎక్కువే, కానీ ముక్కలు కాస్త పెద్దవి, నా కళ్లజోడుకి అదే నయం. అటక మీది ట్యాంకు అలాగే ఉంది. అమలాపురం చుట్టుపక్కల వాళ్లెవరికైనా కావాలంటే అడగండి, అతికించిన పదకొండు లింకులూ ఉచితం.