వైజాగ్ నుంచి భీమిలి దాకా ఎంటీబీ (మౌంటెన్ బైక్, కొండదారుల సైకిల్) మీద: ఎక్కడ తొక్కాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ పడుకోవాలి

ముందే ఒక మాట. వైజాగ్, భీమిలి మధ్యలో బాణం గుర్తులు వేసి, ఇది ఎంటీబీ ట్రైల్ అని బోర్డు పెట్టిన దారి మాకైతే ఎక్కడా కనపడలేదు. ఉన్నదల్లా తార్రోడ్డు, దాని పక్కన కొండల మీదకెళ్ళే దారులు, జీడిమామిడి తోటల మధ్య బండ్లు తిరిగే మట్టిబాటలు, పోటు తగ్గాక గట్టిపడే ఇసుక. వీటన్నిటినీ ఎవరికి వాళ్ళు కలుపుకోవాల్సిందే. అలా కలుపుకుంటే మాత్రం మామూలుగా ఉండదు, ఎందుకంటే రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధారామాలు రెండు మూడు, డచ్చివాళ్ళ సమాధులు, ఎర్రమట్టి దిబ్బలు అన్నీ పాతిక ముప్పై కిలోమీటర్ల బీచ్ రోడ్డుకి అటూ ఇటూనే ఉన్నాయి. మా బావా నేనూ నవంబర్ చివర్లో వెళ్ళాం. అక్టోబర్లో వద్దు, తుఫాన్ల నెల, 2014లో హుద్‌హుద్ ఏం చేసిపోయిందో ఆ ఊరి వాళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఏప్రిల్, మే అసలే వద్దు, ఎండ కంటే ఆ ఉక్కపోత చంపేస్తుంది.

ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ట్రాఫిక్, సెల్ఫీలు, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర టూరిస్టు బస్సులు. తెల్లారి ఐదున్నరకి బయల్దేరితే హాయిగా దాటేయొచ్చు, ఎనిమిది దాటితే విసుగు. రుషికొండ బ్లూ ఫ్లాగ్ బీచ్, అంటే శుభ్రతకి అంతర్జాతీయ గుర్తింపు ఉన్నది, శుభ్రంగానే ఉంటుంది కానీ సైకిల్ తొక్కేవాడికి అక్కడ పనేం లేదు, టీ తాగి ముందుకి పోవడమే.

అసలు కథ మంగమారిపేట దగ్గర మొదలవుతుంది. అక్కడ ఒడ్డున సముద్రం తొలిచేసిన రాతి తోరణం ఉంది, పోటు తగ్గినప్పుడు చూడాలి. దానికెదురుగా రోడ్డుకి ఇవతల తొట్లకొండ. సముద్రమట్టానికి 128 మీటర్లు, అంతేనా అనుకుంటాం గానీ రోడ్డు ఒడ్డునే మొదలవుతుంది కాబట్టి ఆ ఎత్తంతా కాళ్ళతోనే కట్టాలి. పైదాకా తార్రోడ్డే, కార్లు కూడా వెళ్తాయి, కానీ చిన్న గేరు వేసుకుని కూర్చునే ఎక్కాలి, లేచి తొక్కితే రెండో మలుపుకే ఆయాసం. గేటు దగ్గర ఉన్నాయన మమ్మల్ని చూసి "ఏటి బాబూ, బండి లేదేటి మీకు, సైకిలు మీదొచ్చేసినారు" అని నవ్వి, తనే సైకిళ్ళు నీడలో పెట్టించాడు.

తొట్లకొండ మీద కనీసం రెండు గంటలుండాలి, ఊరికే ఫోటో తీసుకుని దిగేది కాదు. 1970ల్లో నేవీ వాళ్ళు విమానంలో సర్వే చేస్తుంటే బయటపడిన చోటు ఇది, తర్వాత 1988 నుంచి 1992 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. మహాస్తూపం, విహారాలు, భిక్షువుల భోజనశాల, వాననీళ్ళు పట్టుకోడానికి రాతిలో తొలిచిన తొట్లు. ఆ తొట్ల వల్లే కొండకా పేరు. కొండ మీద బావి లేదు, ఏరు లేదు, అంతమంది భిక్షువులు ఏడాది పొడుగునా ఎలా బతికారో రెండు బాటిళ్ళ నీళ్ళూ అయిపోయాక మనకి బాగా అర్థమవుతుంది. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు ఐదు దొరికాయి. అంచున నిలబడి కిందనున్న సముద్రం చూస్తే అదేమంత ఆశ్చర్యం అనిపించదు, ఓడలు వచ్చిపోయే తీరం కదా. ఇప్పుడున్న మహాస్తూపంలో తర్వాత కట్టింది చాలానే ఉంది, 2019 వానలకి కొంత కూలితే మళ్ళీ కట్టారు. ఇటుక గోడల మధ్య సైకిల్ నడిపించుకుంటూ తిరిగేవాళ్ళు కూడా కనపడ్డారు మాకు, దయచేసి ఆ పని చేయకండి, ఆ గోడలు మోకాలెత్తే ఉంటాయి, పెడల్ తగిలితే ఇటుక ఊడొస్తుంది.

బావికొండ నాకు ఇంకా నచ్చింది. జనం తక్కువ, తిమ్మాపురం వైపు నుంచి లోపలికెళ్ళాలి. ఇక్కడ అస్థికల భరిణె దొరికింది, అందులోని ఎముక ముక్క బుద్ధుడిదే అని నమ్మేవాళ్ళున్నారు. చుట్టూ ఉన్న మట్టిబాటలే ఈ ట్రిప్పు మొత్తంలో నిజమైన ఎంటీబీ రైడింగ్. ఖొండలైట్ రాయి పొడిబారి చిన్న చిన్న ముక్కలై బాట మీద పరుచుకుని ఉంటుంది, దిగేటప్పుడు ముందు బ్రేక్ గట్టిగా పట్టుకుంటే అంతే సంగతులు. వెనక్కి జరిగి కూర్చుని మెల్లగా వదలాలి. ఇంకోటి పల్లేరు కాయలు. తార్రోడ్డు దిగిన పది నిమిషాలకే బావ టైరుకి గుచ్చుకున్నాయి, నా టైరు ట్యూబ్‌లెస్, లోపల చిల్లు పూడ్చే ద్రవం, సీలెంట్ ఉంది కాబట్టి గుచ్చుకున్నా కాస్త బుస్సుమని గాలి పోవడం ఆగిపోయింది. ట్యూబు టైర్లతో వెళ్ళేవాళ్ళు స్పేర్ ట్యూబులు రెండైనా పెట్టుకోండి, కొండ కింద పంక్చర్ షాపుల్లో మోటర్‌సైకిల్ పంక్చర్లేస్తారు గానీ మన సైజు ట్యూబు దొరకదు.

ఇప్పుడు ఎర్రమట్టి దిబ్బలు. యూట్యూబ్‌లో అక్కడ బైకులు దూకించే వీడియోలు చూసి చాలామంది అందుకే వెళ్తున్నారు, నేను మాత్రం టైరు పెట్టొద్దనే అంటాను. అది మట్టి కొండ కాదు, గాలి మోసుకొచ్చి పోగేసిన ఇసుక, వేల ఏళ్ళుగా ఇసుక రేణువులకి ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది, వానకి కోసుకుపోయి ఆ లోయలన్నీ ఏర్పడ్డాయి. ఒక్క టైరు గాడి పడితే చాలు, వచ్చే వానకి నీళ్ళు అందులోంచే పారి గండి పెడతాయి. 2014లోనే భూవారసత్వ స్థలంగా ప్రకటించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ వెళ్ళింది, అయినా లోపల బీరు సీసాలు, ప్రీవెడ్డింగ్ షూట్ల రంగు పొడులు. సైకిల్ రోడ్డు దగ్గరే తాళం వేసి, చెప్పులేసుకుని నడుచుకుంటూ లోపలికెళ్ళండి, సాయంత్రం నాలుగున్నర తర్వాతైతే ఆ ఎరుపు చూడాలి. పక్కనే నేవీ స్థలం, ఐఎన్‌ఎస్ కళింగ. ఆ గోడల వైపు కెమెరా గానీ డ్రోన్ గానీ ఎత్తకండి, లేనిపోని తలనొప్పి.

భీమిలి చేరేసరికి కాళ్ళు చచ్చిపోయాయి కానీ ఊరు చూసి ప్రాణం లేచొచ్చింది. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఇప్పటికీ మధ్యాహ్నం పూట సగం నిద్రలో ఉంటుంది. లైట్‌హౌస్, గడియార స్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ పావుగంట తొక్కుడులో అయిపోతాయి. ఈ గోస్తనీయే బొర్రా గుహల దగ్గర్నుంచి దిగొచ్చేది. డచ్ సమాధుల తోటలో 17వ శతాబ్దం నాటి రాళ్ళున్నాయి, రాత డచ్చి భాషలో, కొన్నిటి మీద అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోయాయి. పావురాళ్ళకొండ మర్నాడు పొద్దున్న ఎక్కాం. ఊళ్ళోవాళ్ళు నరసింహస్వామి కొండ అనే అంటారు, పావురాళ్ళకొండ అని అడిగితే ఒకాయన ఏటదీ అన్నట్టు చూశాడు. పైన బౌద్ధారామం ఆనవాళ్ళు, రాతి తొట్లు ఉన్నాయి, తొట్లకొండ అంత బాగుచేసిన చోటు కాదు, పొదలు, ముళ్ళు. దారి రాళ్ళూ గుట్టలూ, కొంత దూరం సైకిల్ భుజాన వేసుకోక తప్పలేదు. వ్యూ కోసం వెళ్ళొచ్చు, రైడింగ్ కోసం అనవసరం.

స్టే విషయానికొస్తే, మొదటి రాత్రి రుషికొండ వైపు ఒక రిసార్ట్‌లో దిగాం, పేరెందుకు లెండి. సీ వ్యూ అని డబ్బులు తీసుకుని ఇచ్చిన గదిలోంచి జనరేటర్ షెడ్డు కనపడింది, సైకిళ్ళు రూముల్లో పెట్టడానికి వీల్లేదన్నారు, సెక్యూరిటీ దగ్గర పెడితే ఛార్జీ అన్నారు, పొద్దున్న ఐదింటికి బయల్దేరతాం టిఫిన్ కట్టివ్వండి అంటే ఎనిమిదికే మొదలవుద్దన్నారు. భీమిలిలో దొరికిన లాడ్జి దాంట్లో సగం కూడా కాలేదు, ఏసీ గోల చేస్తది, బాత్రూం మామూలు, కానీ ఓనరమ్మ సైకిళ్ళు వరండాలో పెట్టుకోమని గొట్టం పైపు కూడా ఇచ్చింది. ఆ పైపు విలువ సైకిల్ వాళ్ళకే తెలుసు, బీచ్ ఇసుకలో తొక్కాక ఆ రాత్రే మంచినీళ్ళతో కడిగి చైన్‌కి ఆయిల్ వెయ్యకపోతే తెల్లారేసరికి తుప్పు. ఫ్యామిలీతో వస్తే మాత్రం రుషికొండే నయం, పిల్లలకి బీచ్ ఉంటది, సైకిల్ తొక్కనివాళ్ళు 900కె బస్సెక్కి వెనకాల భీమిలి వచ్చేయొచ్చు.

తిండికి ఢోకా లేదు. భీమిలిలో వంజరం వేపుడు, పులుసు, వేడి అన్నం తినండి, రేటు ముందే అడగండి, చేప సైజుని బట్టి చెప్తారు. రోడ్డు పక్కన చలికాలంలో తేగలు అమ్ముతారు, ఎనర్జీ బార్‌లు దండగ, నాలుగు తేగలు బ్యాగులో వేసుకుంటే మధ్యాహ్నం దాకా ఆకలుండదు.

సైకిళ్ళ సంగతి చెప్పి ఆపేస్తా. నేను నాది హైదరాబాద్ నుంచి రైల్లో వేసుకొచ్చాను, వెనక గేర్లు మార్చే డిరైలర్ విప్పి అట్టముక్కలో చుట్టి కట్టాను, సేఫ్‌గా వచ్చింది. బావ వైజాగ్‌లో ఒక షాపులో అద్దెకి తీసుకున్నాడు, బండి కొత్తదే కానీ వెనక బ్రేక్ ప్యాడ్‌లు అరిగిపోయి ఉన్నాయి, తొట్లకొండ దిగేటప్పుడు కీచుమంటుంటే ఆగి చూశాం. అద్దెకి తీసుకునేవాళ్ళు షాపు ముందే రెండు బ్రేకులూ పట్టి చూడండి, గేర్లన్నీ ఒకసారి మార్చండి, ప్యాడ్‌లు కొత్తవి వేయించుకున్నాకే డబ్బులివ్వండి. టైర్లు 2.2 అంగుళాల వెడల్పు ఉంటే చాలు, తార్రోడ్డు మీద గాలి కాస్త గట్టిగా పెట్టుకుని, ఇసుకలోకి దిగేముందు కొంత వదిలేయండి, చిన్న పంపు మాత్రం మర్చిపోకండి.